కరెంటు లైన్ల ఇన్సులేటర్లకు గిరాకీ పెరుగుతోందా? బెంగళూరు నుంచి తరచుగా అడిగే ప్రశ్నలకు జవాబులు

నేను ఉండేది బెంగళూరులో, పీణ్యా పారిశ్రామిక ప్రాంతం దగ్గర. ఇరవై రెండేళ్లుగా నా పని ఇన్సులేటర్ల తనిఖీ. ఫ్యాక్టరీలో సరుకు లారీ ఎక్కకముందే దాన్ని పరీక్ష చేయించి, బాగుంటే సంతకం పెట్టాలి, బాగోకపోతే వెనక్కి పంపాలి. ఈ మధ్య హిందూపురం, మదనపల్లె, కోలారు వైపు మనవాళ్ల నుంచి ఫోన్లు ఎక్కువయ్యాయి. "ఈ వ్యాపారం బాగా పెరుగుతోందట కదా, నిజమేనా?" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పిందే ఇక్కడ అందరికీ కలిపి రాస్తున్నాను.

అసలు ఇన్సులేటర్ అంటే ఏది?

ఊళ్లో కరెంటు స్తంభం మీద తెల్లగానో గోధుమ రంగులోనో కనిపించే పింగాణీ గిన్నె ఇన్సులేటరే. పొలాల్లో పెద్ద టవర్ల నుంచి దండలా వేలాడే పళ్లేల వరుస కూడా అదే. దాని పనులు రెండు. తీగ బరువు మోయాలి, తీగలోని కరెంటు టవర్‌లోకి దిగకుండా ఆపాలి. ఎండ, వాన, గాలి, పిడుగు అన్నీ తట్టుకుంటూ ఈ రెండు పనులూ ముప్పై నలభై ఏళ్లు చేయాలి. మొత్తం లైను ఖర్చులో దాని వాటా చిన్నదే. కానీ అది పాడైతే ఆ లైనంతా ఆగిపోతుంది.

గిరాకీ నిజంగా పెరుగుతోందా, లేక మాటలేనా?

నిజంగానే పెరుగుతోంది. దానికి గట్టి కారణాలున్నాయి.

మొదటిది కరెంటు వాడకం. 2013-14లో దేశం మొత్తం మీద గరిష్ఠ డిమాండ్ 1.36 లక్షల మెగావాట్ల దగ్గర ఉండేది. 2024 మే 30న అది 2.5 లక్షల మెగావాట్లకు చేరింది. పదేళ్లలో ఇంత పెరిగితే ఆ కరెంటును మోసుకొచ్చే లైన్లు కూడా పెరగాల్సిందే.

రెండోది, కరెంటు పుట్టే చోటు మారింది. థర్మల్ ప్లాంటుకు బొగ్గును రైల్లో తెచ్చుకోవచ్చు. ఎండను, గాలిని అలా తేలేం. అవి ఉన్న చోటికే ప్లాంటు వెళ్లాలి, అక్కడి నుంచి లైను వేసుకోవాలి. మనకు దగ్గరి ఉదాహరణ పావగడ. తుమకూరు జిల్లాలో ఉన్నా ఆ తాలూకాలో ఎక్కడ ఆగినా మన తెలుగే వినిపిస్తుంది. సుమారు 13,000 ఎకరాల మెట్ట భూమిని రైతుల దగ్గర కౌలుకు తీసుకుని 2,050 మెగావాట్ల సోలార్ పార్కు కట్టారు. ఒకప్పుడు వేరుశనగ వేసి వాన కోసం ఆకాశం వైపు చూసిన నేల అది. ఇప్పుడు అక్కడి నుంచి ఎటు చూసినా టవర్లే. ఆ టవర్లన్నిటికీ ఇన్సులేటర్లు కావాలి కదా. 2030 నాటికి బొగ్గు, గ్యాస్ కాని మార్గాల్లో 5 లక్షల మెగావాట్ల సామర్థ్యం సాధించాలని కేంద్రం లక్ష్యం పెట్టుకుంది. అంటే ఇలాంటి పావగడలు ఇంకా చాలా రావాలి.

మూడోది ప్రభుత్వ ప్రణాళిక. జాతీయ విద్యుత్ ప్రణాళిక ప్రకారం 2022 నుంచి 2032 వరకు పదేళ్లలో కొత్తగా 1.91 లక్షల సర్క్యూట్ కిలోమీటర్ల పెద్ద లైన్లు వేయాలి (ఒకే టవర్ మీద రెండు సర్క్యూట్లు వెళ్తే కిలోమీటరును రెండుగా లెక్కేస్తారు). దీనికి 9 లక్షల కోట్ల రూపాయలకు పైగా ఖర్చవుతుందని అంచనా. ఇది 220 కేవీ, ఆపై లైన్ల లెక్క (కేవీ అంటే వెయ్యి వోల్టులు). ఊళ్లకు వచ్చే 11 కేవీ, 33 కేవీ లైన్ల కోసం 2021లో మొదలుపెట్టిన ఆర్‌డీఎస్‌ఎస్ పథకం వేరే ఉంది. స్మార్ట్ మీటర్ల లాంటి మిగతా పనులూ కలిపి దాని మొత్తం 3 లక్షల కోట్ల రూపాయలకు పైనే.

అయితే ఒక్క మాట. ప్రణాళికలో ఉన్నదంతా వెంటనే ఆర్డర్‌గా మారదు. టవర్ పాతడానికి స్థలం దొరకాలి, రైతుకు పరిహారం తేలాలి, అడవి ఉంటే అనుమతి రావాలి. ఆరు నెలలు ఒక్క ఆర్డరూ లేక ఫ్యాక్టరీలు ఖాళీగా ఉండటం చూశాను. ఆ తర్వాత ఒకేసారి అందరూ "రేపే కావాలి" అంటూ మీద పడటమూ చూశాను. ఈ గిరాకీ ఏటా ఒకేలా పెరగదు, విడతలు విడతలుగా వస్తుంది.

ఒక లైనుకు ఎన్ని ఇన్సులేటర్లు పడతాయి?

ఈ లెక్క చేతికొస్తే మార్కెట్ ఎంతో మీరే అంచనా వేసుకోవచ్చు.

డిస్కులైతే, అంటే దండలోని ఆ పళ్లేలైతే, 132 కేవీ లైనుకు ఒక్కో దండలో తొమ్మిదో పదో ఉంటాయి. 220 కేవీకి పదమూడో పద్నాలుగో, 400 కేవీకి ఇరవై మూడో ఇరవై నాలుగో పడతాయి. ఇప్పుడు 400 కేవీ డబుల్ సర్క్యూట్ లైను తీసుకుందాం, అంటే ఒకే టవర్ మీద మూడేసి తీగల సర్క్యూట్లు రెండు. టవర్‌కు టవర్‌కు మధ్య సుమారు 400 మీటర్లు, అంటే కిలోమీటరుకు రెండున్నర టవర్లు. ఒక్కో టవర్‌కు ఆరు దండలు. 23ని ఆరుతో గుణిస్తే 138. కిలోమీటరుకు దాదాపు 345. వంద కిలోమీటర్ల లైనుకు 34,500 డిస్కులు.

ఇది నిటారుగా వేలాడే దండలకే. లైను మలుపు తిరిగే చోట టెన్షన్ టవర్లుంటాయి. అక్కడ దండలు తీగను రెండు వైపులా లాగిపట్టి అడ్డంగా ఉంటాయి. జంట దండలు వేస్తే ఆరు తీగలకు, రెండు వైపులకు కలిపి ఒక్క టవర్‌కే 550కి పైగా డిస్కులు పడతాయి. కొండలు, ఊళ్లు ఎక్కువుండి మలుపులు పెరిగితే లెక్క ఇంకా పెరుగుతుంది.

పాలిమర్ ఇన్సులేటరైతే ఆ 23 డిస్కుల దండ చోట ఒక్కటే పొడవాటి కడ్డీ. అందుకే "గతేడాది ఇన్ని పీసులు అమ్ముడయ్యాయి, ఈ ఏడాది తగ్గాయి" అన్న మాటను నమ్మి గిరాకీ పడిపోయిందనుకోకండి. పీసులు తగ్గినా లైన్ల పొడవు పెరిగి ఉండొచ్చు.

పింగాణీ, గాజు, పాలిమర్. వీటిలో ముందు ముందు దేనిది పైచేయి?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. కాస్త వివరంగా చెప్తాను.

పింగాణీకి వందేళ్లకు పైగా చరిత్ర ఉంది. చైనా క్లే, బాల్ క్లే, ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్ లేదా అల్యూమినా కలిపి, పిండిలా పిసికి, మలిచి, ఆరబెట్టి, గ్లేజు పూసి, 1,200 డిగ్రీలు దాటిన వేడిలో కాలుస్తారు. సరిగ్గా కాలితే రాయి కన్నా గట్టిది. చిక్కల్లా ఏమిటంటే, లోపల పగులొస్తే బయటికి కనపడదు. పైన మెరుస్తూనే ఉంటుంది, లోపల కరెంటు దారి చేసుకుని ఉంటుంది. దాన్ని పట్టుకోవాలంటే టవర్ ఎక్కి పరికరంతో ఒక్కో డిస్కునూ చూడాలి.

గట్టిపరచిన గాజు దీనికి సరిగ్గా ఎదురు. పాడైతే దాచుకోదు. పళ్లెం మొత్తం చిన్న చిన్న ముక్కలై రాలిపోతుంది, లోహపు టోపీ, పిన్ను మధ్య మొండెం మాత్రం మిగులుతుంది. ఆ మొండెమే తీగ బరువు మోస్తూ ఉంటుంది కాబట్టి లైను కింద పడదు. లైన్‌మన్ టవర్ ఎక్కక్కర్లేదు, పొలం గట్టు మీద నిలబడి తలెత్తి చూస్తే చాలు, దండలో ఖాళీ కనిపిస్తుంది. నాకు గాజంటే ఇష్టం, ఆ నిజాయితీ వల్లే. కానీ మెరుస్తూ ఉంటుంది కాబట్టి రాళ్లు విసిరే పిల్లలకు గురి.

పాలిమర్‌లో మధ్యలో ఫైబర్ గ్లాస్ కడ్డీ, దాని మీద సిలికాన్ రబ్బరు గొడుగులు, రెండు చివర్లా నొక్కి బిగించిన లోహపు ముక్కలు ఉంటాయి. బరువు చాలా తక్కువ. డిస్కులు ఒక్కొక్కటీ ఐదు కిలోలు దాటుతాయి, 400 కేవీ దండ మొత్తం వంద కిలోల పైమాటే. అదే పాలిమర్‌ను ఇద్దరు మనుషులు భుజాన వేసుకుని కొండెక్కేస్తారు. దారిలో పగిలిపోతుందన్న టెన్షన్ ఉండదు. దీని అసలు గొప్పతనం మాత్రం నీళ్ల దగ్గర కనపడుతుంది. కొత్త సిలికాన్ గొడుగు మీద నీళ్లు చల్లి చూడండి. తామరాకు మీద లాగే చుక్కలు చుక్కలుగా నిలిచి జారిపోతాయి. దుమ్ము పట్టినా సిలికాన్ లోంచి నూనె లాంటి పదార్థం మెల్లగా పైకి ఊరి, ఆ దుమ్ముకు కూడా అదే గుణం ఇస్తుంది. నీళ్లు పొరలా పరుచుకోకపోతే దాని మీదుగా కరెంటు పారదు.

లోపాలూ ఉన్నాయి. లోపలి కడ్డీలోకి తేమ చేరితే ఒక్కసారిగా విరిగిపోవచ్చు. చిలుకల్లాంటి పక్షులు రబ్బరును పొడుస్తాయి. గోడౌన్లో ఎలుకలు కొరికిన సరుకును నేనే తిప్పి పంపాను. నాసిరకం రబ్బరైతే కొన్నేళ్లకే సుద్దలా తెల్లబడి పగుళ్లిస్తుంది.

కొత్త లైన్లలో, ముఖ్యంగా దుమ్ము, ఉప్పు, పొగమంచు ఉన్న చోట్ల పాలిమర్ వేగంగా పెరుగుతోంది. అంతమాత్రాన పింగాణీ పని అయిపోయిందనుకుంటే పొరపాటే. సబ్‌స్టేషన్లలో పరికరాలను మోసే పోస్ట్ ఇన్సులేటర్లు, బోలు గొట్టాలు ఎక్కువగా పింగాణీవే. మా తెలుగు రాష్ట్రాల వరకు చెప్పాలంటే, హైదరాబాద్‌లో ఎలక్ట్రిక్ బస్సులు చేసే ఒలెక్ట్రా సంస్థ బస్సుల కన్నా ముందు నుంచే పాలిమర్ ఇన్సులేటర్లు చేసేది. ఒలెక్ట్రాగా మారకముందు దాని పేరు గోల్డ్‌స్టోన్ ఇన్‌ఫ్రాటెక్.

బెంగళూరుకూ ఈ పరిశ్రమకూ అంత సంబంధం ఎక్కడిది?

1902లో కావేరి మీద శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రం మొదలైంది. అక్కడి కరెంటు మొదట వెళ్లింది బెంగళూరుకు కాదు, కోలారు బంగారు గనులకు. దాదాపు 147 కిలోమీటర్ల లైను, ఆ రోజుల్లో చాలా పెద్ద మాట. బెంగళూరు వీధి దీపాలకు కరెంటు 1905లో వచ్చింది. మైసూరు సంస్థానం కాలంలోనే ఇక్కడ పింగాణీ ఫ్యాక్టరీ పెట్టారు. తర్వాత అది ప్రభుత్వ రంగ సంస్థ బీహెచ్‌ఈఎల్‌లో కలిసింది. మల్లేశ్వరం దగ్గర, భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్‌సీ)కి ఎదురుగా ఉన్న ఆ విభాగం పేరులోనే పింగాణీ ఉంది.

1960లో కేంద్ర విద్యుత్ పరిశోధన సంస్థ, అదే సీపీఆర్‌ఐ, ఈ ఊళ్లోనే మొదలైంది. దేశంలో ఏ మూల ఇన్సులేటర్ తయారైనా టైప్ టెస్ట్, అంటే ఆ డిజైన్ పనికొస్తుందో లేదో తేల్చే పరీక్ష, అనగానే ముందు గుర్తొచ్చేది అదే. నా ఉద్యోగ జీవితంలో సగం కథలు ఆ గేటు దగ్గర మొదలైనవే.

చెన్నైకి, బెంగళూరుకు ఒకే ఇన్సులేటర్ పనికిరాదా?

వోల్టేజీ ఒకటే అయినా పనికిరాదు. తేడా అంతా గాలిలో ఉంది.

ఒక చీమ డిస్కు పైనుంచి కిందిదాకా, ప్రతి మడతలోకీ దిగి ఎక్కుతూ నడిచిందనుకోండి. అది నడిచిన దూరమే క్రీపేజ్. శుభ్రమైన గాలిలో ఒక్కో కేవీకి 16 మిల్లీమీటర్ల క్రీపేజ్ చాలు. మధ్యస్థంగా ఉంటే 20, ఎక్కువ కాలుష్యానికి 25, సముద్రం పక్కన, కెమికల్ ఫ్యాక్టరీల పక్కన 31 కావాలి. ఇది అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల సంస్థ ఐఈసీ పాత లెక్క. తర్వాత కొత్త పద్ధతి వచ్చినా మన టెండర్లలో చాలా చోట్ల ఇదే నడుస్తోంది.

400 కేవీ లైను గరిష్ఠ వోల్టేజీ 420 కేవీ. 16తో గుణిస్తే 6,720 మిల్లీమీటర్లు. మామూలు డిస్కుకు 300 కాస్త అటూ ఇటూ ఉంటుంది కాబట్టి 23 డిస్కులు సరిపోతాయి. అదే లైను ఉత్తర చెన్నైలో ఎన్నూరు తీరం వెంట వెళ్తే 31తో గుణించాలి. 13,020 వస్తుంది. మామూలు డిస్కులైతే నలభైకి పైగా కావాలి, అంత దండ టవర్ చేతికి వేలాడదీస్తే తీగ కిందికి దిగిపోతుంది. అందుకే అక్కడ లోతైన మడతల యాంటీ ఫాగ్ డిస్కులు గానీ పాలిమర్ గానీ వాడతారు. ఉన్న పింగాణీ మీదే సిలికాన్ పూత పూయడం ఇంకో పద్ధతి.

ఉత్తర భారతంలో చలికాలం పొగమంచు రాత్రుల్లో దుమ్ము పట్టిన డిస్కులు తడిసి లైన్లు వరసగా ట్రిప్ అయ్యేవి. పింగాణీని తీసేసి పాలిమర్ వేయడం పెద్దగా మొదలైంది ఆ దెబ్బతోనే. గిరాకీ పెరగడంలో ఈ కాలుష్యం వాటాను చాలామంది లెక్కలోకి తీసుకోరు. ఊరు పెరిగి, ఫ్యాక్టరీలు వచ్చి గాలి చెడితే నిన్నటిదాకా బాగున్న లైనుకు కూడా ఇన్సులేటర్లు మార్చాల్సి వస్తుంది.

కొత్త లైన్లు ఆగిపోతే ఈ వ్యాపారం పడిపోతుందా?

తగ్గుతుంది, పడిపోదు. పాత వాటిని మార్చే పని ఎప్పుడూ ఉంటుంది. అదీగాక రైల్వే ఉంది. బ్రాడ్‌గేజ్ దాదాపు మొత్తం కరెంటు కిందికి వచ్చేసింది, 25 కేవీ తీగకు ప్రతి స్తంభం దగ్గరా ఇన్సులేటర్ ఉంటుంది. ఎదురు వైపు నుంచి చూస్తే, బెంగళూరు లాంటి నగరాల్లో 11 కేవీ లైన్లను భూగర్భ కేబుళ్లుగా మారుస్తున్నారు. ఆ మేరకు స్తంభాల మీది పిన్ ఇన్సులేటర్ల గిరాకీ నగరంలో తగ్గుతుంది.

హెచ్‌వీడీసీ లైన్లకు ఇన్సులేటర్లు వేరుగా ఉంటాయా?

వేరే. హెచ్‌వీడీసీ అంటే ఎక్కువ వోల్టేజీలో డీసీ కరెంటు మోసే లైను. మన దక్షిణాదికి ఇవి బాగా తెలిసినవే. ఒడిశాలోని తాల్చేరు నుంచి కోలారుకు 500 కేవీ డీసీ లైను 2003 నుంచి నడుస్తోంది. ఛత్తీస్‌గఢ్‌లోని రాయ్‌గఢ్ నుంచి తమిళనాడులోని పుగలూరుకు 800 కేవీ డీసీ లైను సామర్థ్యం 6,000 మెగావాట్లు. డీసీలో కరెంటు ఎప్పుడూ ఒకే దిశలో ఉంటుంది కాబట్టి గాలిలోని దుమ్మును ఇన్సులేటర్ తన వైపు లాక్కుంటుంది. పిన్ను కూడా తొందరగా తినేస్తుంది, దానికోసం జింకు తొడుగు వేస్తారు. ఇవి చేయగలిగిన కంపెనీలు తక్కువ, ధర ఎక్కువ.

మార్కెట్ రిపోర్టుల్లో ఒక్కొక్కరు ఒక్కో శాతం చెప్తారేం?

ఒకరు లైన్ల ఇన్సులేటర్లనే లెక్కేస్తారు. ఇంకొకరు బుషింగులు, రైల్వే, ట్రాన్స్‌ఫార్మర్ విడిభాగాలు అన్నీ కలిపేస్తారు. శాతం చూసేముందు అందులో ఏవేవి కలిపారో చూడండి. నన్నడిగితే ఆ రిపోర్టుల కన్నా టెండర్లు చూడటం మేలు. ఏ లైను, ఎన్ని కిలోమీటర్లు, ఎప్పటికి కావాలి అన్నది అందులో ఉంటుంది.

చైనా సరుకు సంగతేమిటి?

ఒకప్పుడు ఆ ధరకు మనవాళ్లు నిలబడలేకపోయారు. 2012లో కేంద్రం చైనా ఇన్సులేటర్ల మీద సేఫ్‌గార్డ్ సుంకం వేసింది. 2020 జూలైలో విద్యుత్ పరికరాల దిగుమతుల మీద ఆంక్షలు కఠినం చేశారు. దాంతో మన ఫ్యాక్టరీలకు ఊపిరి వచ్చింది. కానీ పాలిమర్‌కు కావాల్సిన సిలికాన్ ముడిసరుకులో దిగుమతి వాటా ఇంకా ఉంది. ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్ మాత్రం మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనే దండిగా దొరుకుతాయి. ఆ రాళ్లను రాళ్లుగానే అమ్మేసి పింగాణీని బయట నుంచి కొనుక్కోవడం చూస్తే నాకు బాధేస్తుంది.

తక్కువ ధర వేసినవాడికే టెండర్ ఇస్తారు కదా, నాణ్యత మాటేమిటి?

నా మనసుకు దగ్గరి ప్రశ్న ఇది.

పింగాణీకి ఒక పరీక్ష ఉంది. డిస్కును పగలగొట్టి ఆ ముక్కల్ని గులాబీ రంగు ఫుక్సిన్ ద్రావణంలో వేసి, గట్టి ఒత్తిడి కింద గంటల తరబడి ఉంచుతారు. బయటికి తీసి, కడిగి, ఆరబెట్టి, మళ్లీ పగలగొడతారు. లోపలి భాగం పాలలా తెల్లగా ఉండాలి. ఎక్కడైనా గులాబీ రంగు ఇంకిందంటే అక్కడ సన్నని రంధ్రాలున్నట్టే, ఆ బ్యాచ్ సరిగ్గా కాలలేదన్నట్టే.

చాలా ఏళ్ల కిందట ఒక ఫ్యాక్టరీలో ఇదే పరీక్ష చేయిస్తున్నాను. ముక్కలన్నీ తెల్లగా ఉన్నాయి, ఒక్కదాంట్లో తప్ప. దాంట్లో వెంట్రుక మందాన గులాబీ గీత. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతుర్లో తిప్పి చూశాను, గీత పోలేదు. "ఒక్క ముక్కే కదా సార్, లారీలు లోడయ్యాయి" అన్నారు. లాట్ తిప్పేశాను. కొన్నవారి ఆఫీసు నుంచే నాకు ఫోన్ వచ్చింది, ఆలస్యమైతే బాధ్యత నీదేనని. అదే ఏడాది ఇంకో లైనుకు తొందరలో ఆ పరీక్ష వదిలేసి సరుకు తీసుకున్నారు. మొదటి వానాకాలంలోనే డిస్కులు లోపల్లోపల చిల్లులు పడ్డాయి. రాత్రుళ్లు లైను ట్రిప్ అవుతుంటే ఏ టవర్ మీద ఏ డిస్కో తెలియక లైన్‌మన్‌లు వానలో ఒక్కో టవరూ ఎక్కారు. డిస్కు మీద మిగిలిన డబ్బులు ఎన్నో నాకు తెలుసు. ఆ మనుషులు టవర్ ఎక్కుతుంటే కింద టార్చి పట్టుకుని నిలబడ్డాను కాబట్టి ఆ లెక్క నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ధర తక్కువ ఉండొద్దని నేననను. పరీక్షలు వదిలేసి వచ్చిన తక్కువ ధర వద్దంటాను. కొనేవాళ్లు శాంపిల్ తామే ఎంచుకోవాలి, ఫ్యాక్టరీ ఇచ్చింది తీసుకోకూడదు. టైప్ టెస్ట్ సర్టిఫికెట్ ఎప్పటిదో, ఏ డిజైన్‌దో చూడాలి.

పీణ్యాలో చిన్న యూనిట్ పెట్టాలనుకుంటున్నాను అన్నా, లాభమేనా?

పింగాణీ వద్దు. కొలిమికి పెట్టుబడి ఎక్కువ, గ్యాస్ ఖర్చు ఎక్కువ, కొలిమి ఒకసారి వెలిగిస్తే ఆర్డర్ లేదని ఆపలేరు.

11 కేవీ, 33 కేవీ పాలిమర్ చిన్న స్థాయిలో మొదలుపెట్టవచ్చు. కానీ మెషిన్ కొన్న మర్నాడే ఆర్డర్ రాదు. టైప్ టెస్టులు పాసవ్వాలి, విద్యుత్ సంస్థల దగ్గర వెండర్‌గా నమోదవ్వాలి. చాలా టెండర్లలో ఇంతకు ముందు సరఫరా చేసిన అనుభవం అడుగుతారు. సరుకు ఇచ్చాక డబ్బు చేతికి రావడానికి నెలలు పడుతుంది. ఆ కాలమంతా జీతాలు ఇచ్చుకునే స్తోమత ఉంటేనే దిగండి. ఇప్పటికే ఫోర్జింగ్, మెషినింగ్ షాపు ఉన్నవాళ్లకు నా సలహా వేరు. దండను టవర్‌కు, తీగకు తగిలించే హార్డ్‌వేర్, పాలిమర్ చివరి లోహపు ముక్కలు చేసివ్వండి. పీణ్యాకు చేతనైన పని అది.

షేర్లు కొనమంటారా?

అది నా పని కాదు, చెప్పను.

ఇంజినీరింగ్ చదివిన మా అబ్బాయికి ఇందులో ఉద్యోగాలుంటాయా?

ఉంటాయి. ఈఈఈ వాళ్లకు టెస్టింగ్, క్వాలిటీ వైపు, సిరామిక్, పాలిమర్ చదివినవాళ్లకు తయారీ వైపు. హై వోల్టేజ్ మీద ఆసక్తి ఉంటే ఐఐఎస్‌సీలో దానికి మంచి పేరుంది. ఒక్కటి మాత్రం అబ్బాయికి ముందే చెప్పండి, తనిఖీ ఉద్యోగమంటే నెలలో సగం రోజులు ఊళ్లు తిరగడమే.

మా పొలంలో టవర్ మీద డిస్కు పగిలింది. ఏం చేయాలి?

టవర్ ముట్టుకోవద్దు, కింద నిలబడొద్దు, పశువుల్ని కట్టొద్దు. టవర్ కాళ్ల దగ్గర ఒక రేకు మీద లైను పేరు, టవర్ నంబరు ఉంటాయి. దూరం నుంచే ఫోన్‌తో ఫొటో తీసి, దగ్గర్లోని సబ్‌స్టేషన్‌లో ఆ నంబరు చెప్పండి. ఊళ్లో స్తంభమైతే 1912కు ఫోన్ చేయండి. పళ్లెం రాలిపోయి మొండెం వేలాడుతుంటే అది గాజు డిస్కు, తీగ వెంటనే పడిపోదు, కంగారు పడకండి. వాన తుంపరలో దండ దగ్గర నీలి మెరుపులు, చిటపట చప్పుడు ఎక్కువగా ఉంటే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు, ఆ రాత్రికే చెప్పండి.